బకాయి పడి రాష్ట్రం దాటిన తండ్రి లైసెన్సు ఆపించడం న్యాయమేనా?

గోరింట:
మా విడాకుల తీర్పు ఒహాయోలో వచ్చింది. పాప, నేను ఇక్కడే ఉంటున్నాం. నెలకు 640 డాలర్ల చైల్డ్ సపోర్టు (బిడ్డ పోషణకు ఇవ్వవలసిన సొమ్ము) కట్టవలసిన మనిషి టెక్సస్ వెళ్లి పదకొండు నెలలయింది. అప్పటి నుంచి పైసా రాలేదు. బకాయి 7,040 డాలర్లు. పాప బూటు ముందువైపు నోరు తెరిస్తే జిగురు పెట్టి అతికించి బడికి పంపుతున్నాను. అతని డ్రైవింగ్ లైసెన్సు ఆపించమని మా అన్నయ్య పట్టుబడుతున్నాడు. సంపాదన దారి కూడా మూసుకుపోతుందేమోనని నా భయం. మీరైతే ఏం చేస్తారు?

బాటసారి:
వద్దండీ. నేను అవతలి పక్షంలో నిలబడినవాడిని. ఉద్యోగం పోయి వాయిదాలు తప్పాను, లైసెన్సు ఆగింది. తర్వాత గిడ్డంగిలో తెల్లవారుజామున ఐదింటికి మొదలయ్యే పని దొరికింది. ఆ వేళకు బస్సు లేదు. ఆ పనీ పోయింది. 1986 నాటి బ్రాడ్లీ సవరణ అనే ఫెడరల్ చట్టం వల్ల, గడువు దాటిన వాయిదాను వెనక్కి వెళ్లి తగ్గించడానికి కోర్టుకు కూడా వీల్లేదు. ఉద్యోగం పోయిన వెంటనే తగ్గింపు కోసం దరఖాస్తు పెట్టకపోవడం నా తప్పే. కానీ చేతులు ఖాళీ అయినవాడి కాళ్లు కూడా కట్టేస్తే బిడ్డకు ఏం దక్కుతుంది?

నిలకడ:
బాటసారి గారూ, కట్టలేనివాడు వేరు, కట్టనివాడు వేరు. 2011లో టర్నర్ అనే బకాయిపడ్డ తండ్రి కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే: జైలుకు పంపే ముందు స్తోమత ఉందో లేదో తేల్చే పద్ధతి ఉండాలి. లైసెన్సుకూ అదే కొలత పెట్టాలంటాను.

గోరింట గారూ, ముందు జీతం పట్టండి. మీరూ పాపా ఒహాయోలో ఉన్నంతకాలం ఆ తీర్పుదే పెత్తనం. రాష్ట్రాల మధ్య చైల్డ్ సపోర్టు వసూలు కోసం అన్ని రాష్ట్రాలూ ఆమోదించిన యుఐఎఫ్ఎస్ఏ చట్టం ప్రకారం జీతం కోత ఉత్తర్వును నేరుగా టెక్సస్ యజమానికే పంపవచ్చు, అక్కడ కొత్త కేసు అక్కర్లేదు. ఎక్కడ చేరాడో తెలియకపోయినా పరవాలేదు. కొత్త ఉద్యోగి వివరాలను యజమాని 20 రోజుల్లోగా ప్రభుత్వానికి పంపాలి, అవి జాతీయ జాబితాకు చేరతాయి. బకాయి 2,500 డాలర్లు దాటింది కనుక పాస్‌పోర్టు కూడా ఆపించవచ్చు.

బాటసారి:
జీతం కోతకు నేను అడ్డు చెప్పను. నా జీతంలోనూ కోసి ఉంటే ఇంత బకాయి పేరుకునేది కాదు.

గోరింట:
అతనికి జీతం లేదండీ. సొంత కంపెనీ పేరుతో బిల్లులు పెడతాడు. మొన్న కొత్త కారు పక్కన నిలబడి దిగిన ఫోటో పాపకు పంపాడు. అది చూసి పాప "నాన్న దగ్గర డబ్బులున్నాయి కదా" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

నిలకడ:
అయితే తీర్పును టెక్సస్‌లో నమోదు చేయించండి. అప్పుడు అక్కడి ఆస్తి మీద, బ్యాంకు ఖాతాల మీద చేయి వేయవచ్చు. ఆ కారు ఫోటో దాచండి. ఇలాంటివాడి విషయంలో లైసెన్సు ఆపమని అడగడానికి నేను వెనుకాడను.

బాటసారి:
ఇక్కడ నేనూ వాదించను. అయినా ముందు బ్యాంకు ఖాతా, ఆ తర్వాతే లైసెన్సు. పాపకు కావలసింది డబ్బు కదా.

గోరింట:
సోమవారం కౌంటీ చైల్డ్ సపోర్టు కార్యాలయానికి వెళ్తున్నాను. తీర్పు నకలు, ఆ ఫోటో, నెలనెలా నేను రాసుకున్న లెక్కల పుస్తకం సంచిలో పెట్టాను. లైసెన్సు సంగతి వాళ్లడిగితే, ముందు ఖాతాలు చూడమనే చెబుతాను.