లంక గేదెల తోక వెంట్రుకల్లో వరద నాటి బెదురు దొరుకుతుందా?

లంక రైతు:
మాది గౌతమి పాయ ఒడ్డున లంక. వరద వస్తే గేదెలను నావ వెంట ఈదించి ఏటిగట్టుకు చేరుస్తాం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా తొలిచూలు గేదె పది రోజులు గట్టు మీదే ఉంది. ఇంటికి వచ్చాక జ్వరం లేదు, పొదుగు వాపు లేదు. పాలు మాత్రం సగానికి పడిపోయాయి, ఆ ఈతలో, అంటే ఆ కాన్పులో, మళ్లీ పుంజుకోలేదు. ఈ ఏడూ గట్టు ఎక్కాం. ఒత్తిడి హార్మోను వెంట్రుకల్లో నిలిచి ఉంటుందని చదివాను. తోక వెంట్రుక పంపితే తెలుస్తుందా?

పశువైద్యుడు, అమలాపురం:
2022 సంగతి వదులుకోండి, ఆ వెంట్రుక ఇప్పటికి ఉండదు. ఈ ఏటిది చూడవచ్చు. మీరన్న ఒత్తిడి హార్మోను పేరు కార్టిసాల్. దాన్ని రక్తంలో కొలవడంలో ఒక చిక్కుంది: తల బిగించి కట్టి సూది పట్టుకోగానే నిమిషాల్లో అది పెరుగుతుంది. మనం కొలిచేది అప్పటి మన చేతి భయాన్నే. వెంట్రుకలో అయితే పెరిగే కాలమంతా రక్తం నుంచి కొద్దికొద్దిగా చేరుతుంది. ఆ కొన్ని వారాల మొత్తం అందులో ఉంటుంది.

ప్రయోగశాల విద్యార్థిని:
ఈ పద్ధతి గేదెలతో మొదలైంది కాదు. 2002లో రాక్ హైరాక్స్ అనే చిన్న జంతువు వెంట్రుకలతో, 2006లో రీసస్ కోతుల వెంట్రుకలతో చేసిన పరిశోధనలు దీనికి దారి వేశాయి. మేము వెంట్రుకలను ముందు ఐసోప్రొపనాల్‌తో కడుగుతాం, ఆరబెడతాం, మెత్తటి పొడి చేస్తాం, మెథనాల్‌లో నానబెట్టి హార్మోనును బయటికి లాగుతాం. తర్వాత ఎలైజా కిట్‌తో, అంటే రంగు మార్పును బట్టి హార్మోను ఎంతుందో చెప్పే పరీక్షతో, కొలుస్తాం. ఫలితం మిల్లీగ్రాము వెంట్రుకకు ఇన్ని పికోగ్రాములని (గ్రాములో లక్ష కోట్లో వంతు) వస్తుంది.

మీ దగ్గర నాకున్న భయం వేరే. గేదె బురదలో పొర్లుతుంది, తోకకు పేడ, మూత్రం అంటుతాయి. వాటిలోని హార్మోనులు బయటి నుంచి వెంట్రుకలోకి ఇంకుతాయి, కడిగినా పూర్తిగా పోవు. అందుకే తోక కుచ్చు చివర కాకుండా, శుభ్రంగా ఉన్న చోట చర్మానికి దగ్గరగా కత్తిరించండి. పీకవద్దు, కుదురు వచ్చేస్తుంది. కాగితం కవరులో పొడిగా, చీకట్లో ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ పడుతుంది.

మరొక మాట. మనిషి తల వెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుందన్న లెక్కను గేదెకు అంటగట్టవద్దు. వరదకు ముందే ఒకచోట గొరిగి, నీరు తీశాక అక్కడ కొత్తగా మొలిచినది మాత్రమే కత్తిరిస్తే, అది ఏ రోజుల వెంట్రుకో మీకే ఖాయంగా తెలుస్తుంది. నాకైతే ఇదే అన్నిటికంటే నమ్మకమైన దారి.

రాజోలు నుంచి, పాడి ఉన్న ఇల్లాలు:
మా ముర్రా గేదె తోక కుచ్చు సగం తెలుపు, సగం నలుపు. ఏది కత్తిరించాలమ్మా?

ప్రయోగశాల విద్యార్థిని:
ఏదైనా ఒకటే, కానీ ప్రతిసారీ అదే రంగు. నలుపూ తెలుపూ ఉన్న ఆవుల్లో రెండు రంగుల వెంట్రుకలు వేర్వేరు అంకెలు చూపాయి. కలిపేస్తే లెక్క చెడుతుంది.

పశువైద్యుడు, అమలాపురం:
లంక రైతు గారూ, ఒక్క అంకెతో వరదను తప్పు పట్టలేం. ఈనే ముందు, రోగంలో కూడా కార్టిసాల్ పెరుగుతుంది. అందుకే గట్టు ఎక్కని గేదెల వెంట్రుక కూడా పక్కన పెట్టి చూడాలి. ఈనిన తేదీ, మందులు వేసిన రోజులు రాసి ఉంచండి. ఫలితం వచ్చే దాకా మేత, నీడ ఆపవద్దు. బెదిరిన గేదె పాలు సరిగా చేపదు, దానికి పరీక్ష అక్కరలేదు.

లంక రైతు:
గట్టు ఎక్కిన నాలుగు గేదెలవి, మెరకలో మా బావగారి ఇంట ఉన్న మూడింటివి నలుపు వెంట్రుకలే తీశాను. పాత పోస్టు కవర్ల మీద పేరు, ఈత, తేదీ రాశాను. చిన్న గేదె తోక మొదట్లో అంగుళం మేర గొరిగి వదిలాను. వచ్చే ఏడు మృగశిర కార్తెకే మళ్లీ గొరుగుతాను, నీరు ఎక్కేలోపు.