శుక్రవారం ప్రీస్కూల్లో హెల్పర్‌గా నా వంతు. ఒడియా సరిగ్గా రాదు, పాప కొంగు వదలదు. ఏం చెయ్యను?

పర్లా కోడలు:
మా పుట్టిల్లు పాతపట్నం. సరిహద్దు దాటి ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి కోడలినై ఆరేళ్లయింది. రెండు ఊళ్లకీ మహేంద్రతనయ నది నీళ్లే, బజార్లో ఎక్కడ చూసినా తెలుగే. అందుకే నా ఒడియా కూరగాయల బేరం దగ్గరే ఆగిపోయింది. పాపకి నాలుగు నిండాయి. వాళ్ల ప్రీస్కూల్లో తల్లిదండ్రులు వంతులవారీగా నెలకోసారి, పొద్దున మూడు గంటలు సాయానికి వెళ్లాలి. పోయిన నెల నా మొదటి వంతు. ఏం జరిగిందో చెబుతాను, నవ్వినా ఫర్వాలేదు.

ఒక పిల్లాడొచ్చి నా కొంగు పట్టుకుని "ఝాడా, ఝాడా" అన్నాడు. పక్కనే మా అమ్మాయి రెండు జడలతో ఉంది. దాని గురించి అడుగుతున్నాడు కాబోలనుకుని "అవును నాన్నా, జడ! బాగుందా?" అని రిబ్బను కూడా చూపించాను. వాడు కాళ్లు రెండూ దగ్గరికి చేర్చుకుని నన్ను ఒక చూపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఝాడా అంటే దొడ్డికి అని ఆయా వచ్చి చెప్పేసరికే అంతా అయిపోయింది. వాడు ఒకటే ఏడుపు. నాకూ ఏడుపొచ్చినంత పనయింది.

అసలు టెన్షన్ ఇది కూడా కాదు. నేను వేరే పిల్లకి బూటు తొడిగితే చాలు, మా అమ్మాయి "మా అమ్మ!" అంటూ ఆ పిల్లని నెట్టేస్తోంది. నేను లేని రోజు బుద్ధిగానే ఉంటుందట. ఒంట్లో బాలేదని చెప్పి ఈసారి మానేద్దామా అనిపిస్తోంది. మా ఆయన్ని పంపొచ్చు, కానీ ఆయన అక్కడా ఫోనే చూస్తారు. మీలో ఎవరైనా ఇలా వెళ్లారా?

గుణుపూర్ నాన్న:
మానేయకండి. మా వాడి క్లాసుకి ఏడాదిగా వెళ్తున్నాను, వచ్చే మగాణ్ని నేనొక్కణ్నే. మొదటి రోజంతా బల్లలు మోయించారు. రెండోసారి కాగితం చేపలు అతికించే పని. పిల్లలు తోక తీసుకెళ్లి నోటి దగ్గర అంటిస్తుంటే చూడలేక అన్నీ నేనే సరిచేసి పెట్టాను. పన్నెండు చేపలూ ఒకే అచ్చు. టీచరుగారు చూసి, "వీటిలో పిల్లలు చేసినవి ఏవండీ?" అన్నారు. అప్పట్నుంచి గమ్ము మూత తీసిచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతున్నాను. చాలా కష్టమైన పని అది.

పుట్టినరోజుకి వేరుశనగ ఉండలు పట్టుకెళితే గుమ్మంలోనే ఆపేశారు. ఈ వయసు వాళ్లకి గుళ్లు గొంతుకి అడ్డం పడతాయట, ద్రాక్షపళ్లు కూడా నిలువునా కోసే పెట్టాలట. ఫోను మాత్రం సంచిలోంచి తీయకండి. మా దగ్గర ఒకావిడ ఎవరి పిల్లనో ఫొటో తీసి స్టేటస్ పెట్టేసరికి పెద్ద గొడవైంది.

భాషకి భయమెందుకు? మా క్లాసులో తెలుగు, ఒడియా, సవర పిల్లలు కలిసే ఉంటారు. నేను బొమ్మ గీసి కాకి కథ తెలుగులోనే చెప్పాను. కావు కావు దగ్గర అందరూ అందుకున్నారు.

బరంపురం అమ్మమ్మ:
తల్లీ, నేను గంజాం జిల్లాలో అంగన్‌వాడీలో చేసి రిటైరయినదాన్ని. అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న మొదలైతే నేను చేరింది చాలా ఏళ్ల తర్వాత. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలంతా ఒకటే గదిలో. తల్లులు ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటే తప్ప నాకు గుడ్ల పెంకులు వలవడం అయ్యేది కాదు. వాళ్ల పిల్లలూ నీ పాపలాగే చేసేవాళ్లు.

బడిలో అమ్మ ఉండదని అలవాటు పడడానికి దానికి ఎన్నాళ్లు పట్టిందో గుర్తుందా? ఇప్పుడు అమ్మ అక్కడే ఉండి ఇంకో పిల్ల బూటు తొడుగుతుంటే ఏమనుకుంటుంది! ముందు రోజు రాత్రే వరసగా చెప్పు: అమ్మ వస్తుంది, అందరికీ నీళ్లిస్తుంది, పాట అయ్యాక వెళ్లిపోతుంది అని. దాని చేతికీ ఒక పని ఇవ్వు. వచ్చేటప్పుడు చెప్పే రా. ఏడుస్తుందని చాటుగా జారుకున్నావో, మర్నాటి నుంచి గుమ్మమే దిగదు.

దొడ్డికి మాత్రం ఎవరి పిల్లనీ ఒక్కదానివే తీసుకెళ్లకు, టీచర్నో ఆయానో కేకెయ్యి. ఎవరు బట్టలు పాడుచేసుకున్నారో వీధిలో చెప్పకు. (ఇక్కడ రాశావు సరే, పేరు రాయలేదు.)

నాలుగు ముక్కలు నేర్చుకో. ఝాడా ఇక జన్మలో మరిచిపోవు. పరిస్రా అంటే ఒంటేలుకి. భోక అంటే ఆకలి. హాత ధువ అంటే చేతులు కడుక్కో. బస అంటే కూర్చో. పేట కాటుచి అంటే కడుపు నొప్పి, ఏ పేటో అనుకునేవు!

పర్లా కోడలు:
వెళ్లొచ్చాను. అమ్మమ్మగారూ, చేతులు తుడుచుకునే తువ్వాళ్లు అందించే పని మా అమ్మాయికి ఇచ్చాను. ఒక్కసారే నెట్టింది, అదీ తువ్వాలు రెండోసారి అడిగినవాణ్ని.

గోడ మీద ఒడియా అక్షరాల చార్టు ఉంది. వాళ్ల ఠ అచ్చం మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. మా అమ్మాయి దాని మీద వేలు పెట్టి "సున్నా" అంది. ఆ ఝాడా పిల్లాడు "ఠ" అన్నాడు. సున్నా, ఠ, సున్నా, ఠ, ఇద్దరూ అరుచుకుంటూనే ఉన్నారు. గుణుపూర్ గారు చెప్పినట్టు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

మీ మాటల్లో భోక, బస బాగా పనికొచ్చాయి. రాత్రి అన్నంలో ఆనపకాయ కూర కలుపుతుంటే మా అమ్మాయి పొట్ట పట్టుకుని "పేట కాటుచి" అంది. మా అత్తగారికి నవ్వాగలేదు.