"నట్టనడిమి పని"నా, "నట్టనడి మీ పని"నా? ఒక తైవాన్ ఆల్బం పేరు దగ్గర ఆగిపోయాను

తీగపాట:
అందరికీ నమస్కారం. రెండు రోజులుగా అన్నమయ్య "నానాటి బతుకు నాటకము" కీర్తనలో చరణం ఒకటి నోట్లో నానుతోంది, పూర్తిగా పట్టు దొరకట్లేదు. "పుట్టుటయు నిజము పోవుటయు నిజము" వరకు డౌట్ లేదు. తర్వాతది "నట్టనడిమి పని నాటకము" నా, లేక "నట్టనడి మీ పని నాటకము" నా? చిన్నప్పటి నుంచి రేవతి రాగం బాణీలో వింటున్నా, అక్కడ "మీ" అని సాగుతుంది కాబట్టి నాకెప్పుడూ ఎవరో ఎదురుగా నిలబడి మీ పనంతా నాటకమే అని నాకే చెప్తున్నట్టు వినిపిస్తుంది.

ఇప్పుడెందుకు అవసరం పడిందంటే, నేను ఉండేది తైవాన్‌లోని సింజూలో, ఇక్కడి మేడే అనే రాక్ బ్యాండ్ అంటే నాకు ప్రాణం. మనవాళ్ళు కొందరు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడుగుతుంటే వాళ్ళ రికార్డింగులన్నిటికీ తెలుగులో ఒక గైడ్ రాస్తున్నా. 1999 జూలైలో వచ్చిన మొదటి ఆల్బం అయింది, 2000లో వచ్చినదానికి "ప్రేమ జిందాబాద్" అని పెట్టుకున్నా, బాగానే అతికింది. 2001లో వచ్చిన మూడోదాని దగ్గర బండి ఆగింది. పేరు "రెన్‌షెంగ్ హైహై". రెన్‌షెంగ్ అంటే బతుకు, హై అంటే సముద్రం. బతుకు, సముద్రం సముద్రం. అంతే, క్రియ లేదు, విభక్తి లేదు. ఆ ఆల్బం గురించి రాసే పేజీకి పైన ఈ చరణం పెడదామని, కింద పేరుకి తెలుగు చేద్దామని కూర్చున్నా, రెండూ తేలలేదు.

రాగిరేకు:
నడిమి పని. ఇందులో చర్చే లేదండి, రెండో చరణం చూడండి: "కుడిచేదన్నము కోక చుట్టెడిది, నడుమంత్రపు పని నాటకము". అక్కడ నడుమంత్రపు పని, ఇక్కడ నట్టనడిమి పని. రెండు చోట్లా ఒకే అచ్చు, ఒకే చోట "పని". "మీ" అని విడగొడితే ఈ జోడీ పోతుంది. రాగి రేకుల మీద చెక్కినప్పుడు మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలరు, విడగొట్టుకునేది మనమే, అందుకే పక్క చరణాన్ని సాక్ష్యం అడగాలి.

ఆలాపన:
సాక్ష్యం బాగుంది గానీ నేను ముప్పై ఏళ్ళుగా పాడుతున్నా, నేర్పిస్తున్నా. "నడిమీ" అని దీర్ఘం ఇచ్చినప్పుడు ఎదురుగా కూర్చున్నవాళ్ళు సర్దుకుని కూర్చుంటారు, అది నేను కళ్ళారా చూశా. "మీ పని" అనుకుని పాడితే ఆ భావమే వేరు. కవి అనలేదనుకుందాం, పాట అంటోంది కదా.

రాగిరేకు:
పాట అనేదీ కవి అనేదీ వేరు చేసి మాట్లాడుకుందాం అమ్మా. ఆయన వేంకటేశ్వరుణ్ణే "నీవు" అన్నాడు. మనల్ని "మీరు" అని మన్నిస్తాడా?

గసడదవ:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. నట్టనడిమి, ఎట్టయెదుట, కట్టకడపటిది. ఒకే చరణంలో మూడు ద్విరుక్తటకారాలు, అంటే మాట రెట్టించినప్పుడు మొదటిదానికి "ట్ట" రావడం! నడుమ నడుమ అంటే నట్టనడుమ, ఎదురు ఎదురు అంటే ఎట్టెదురు, కడ కడ అంటే కట్టకడ. చివరి చరణంలో "నగినగి కాలము". ఇక పల్లవి మొదటి మాటే నానాటి, అంటే నాడు నాడు. కీర్తన మొత్తం మాటని రెండుసార్లు అనడం మీదే నిలబడింది, ఎందుకంటే బతుకు కూడా రోజూ అదే పని మళ్ళీ మళ్ళీ చేయడమే కదా. తీగపాట గారూ, మీ హైహై అచ్చంగా ఆమ్రేడితమే.

రాగిరేకు:
"నానాటి"లో ఉన్నది సంస్కృతం నానా ఎందుకు కాకూడదు? రకరకాల బతుకు అని. ఇంకొకటి, ఆమ్రేడితం అంటే జంట మొత్తం కాదు, రెండోసారి వచ్చిన రూపం ఒక్కటే. చిన్నయసూరి తన బాలవ్యాకరణంలో మొదట్లోనే చెప్పాడు. కాబట్టి హైహైలో రెండో హై మాత్రమే ఆమ్రేడితం అనాలి.

గసడదవ:
నానాటికి, నానాటికీ అని ఇప్పటికీ ఇళ్ళల్లో అంటున్నాం, "నానాటికీ తీసికట్టు" అంటాం, అక్కడ నానా అర్థం ఎక్కడుంది సార్. సూరి మాట ఒప్పుకుంటా.

తీగపాట:
గసడదవ గారూ మీరు అన్నది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డా. ఎందుకో చెప్తా. చైనీస్‌లో గొంతు ఎత్తుపల్లాలని బట్టి మాట అర్థం మారుతుంది, వాటినే స్వరాలు అంటున్నా. హై మూడో స్వరం, అంటే గొంతు కిందికి దిగాలి. మూడో స్వరాలు రెండు పక్కపక్కన పడితే మొదటిది రెండో స్వరంగా మారి పైకి లేస్తుంది, రెండోది అలాగే కింద ఉంటుంది. అంటే మొదటి హై అల లేచినట్టు, రెండోది విరిగి పడ్డట్టు. మన చిట్టచివర, మొట్టమొదట, నట్టనడుమ కూడా అంతే కదా! మొదటి మాటే రూపం మార్చుకుని చిట్ట, మొట్ట, నట్ట అవుతుంది, రెండోది చెక్కు చెదరదు. వాళ్ళ 2016 ఆల్బంలో "హావ్‌హావ్" అని ఒక పాట ఉంది, అందులోనూ రెండూ మూడో స్వరాలే, అదే తంతు. పాడేటప్పుడు బాణీ స్వరాన్ని కప్పేస్తుంది అనుకోండి, కానీ పేరు నోటితో పలికినప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.

మూడో ఆల్బంలోనే "యోంగ్‌యువాన్ ద యోంగ్‌యువాన్" అని ఇంకో పాట, ఎప్పటికీ అనే మాటకి ఎప్పటికీ. ఈ బ్యాండ్‌కి మాటని రెట్టించడం ఇష్టం అని నా నమ్మకం. పాటలు ఎక్కువ రాసేది గాయకుడు ఆషిన్.

చద్దిమూట:
నాకు వ్యాకరణం అంతగా రాదు, వంటింటి తెలుగు చెప్తా. పప్పు పలచగా అయితే ఏమంటాం? నీళ్ళునీళ్ళుగా ఉంది అంటాం. నీళ్ళు అనేది నామవాచకం, రెండుసార్లు అనేసరికి గుణం అయిపోయింది. సముద్రం సముద్రం కూడా అంతే అయ్యుండాలి, సముద్రంలా, సముద్రం తీరుగా అని. అంటే రెండు సముద్రాలు కాదు, పెద్ద సముద్రమూ కాదు. పుల్లపుల్లగా అంటే బాగా పులుపు అని కాదు కదా, కాస్త పులుపు తగిలేలా. చేదుచేదుగా కూడా అంతే.

గసడదవ:
ఒక్క నిమిషం. ఎర్రెర్రని అంటే బాగా ఎరుపు. రెట్టిస్తే తగ్గుతుంది అని ఎలా అంటారు? నట్టనడుమ అంటే సరిగ్గా నడుమ, కొంచెం నడుమ కాదు.

చద్దిమూట:
రుచులకి తగ్గుతుంది, రంగులకి పెరుగుతుంది. మా అత్తయ్య చింతకాయ పచ్చడి నాలుక మీద వేసుకుని "ఇంకా పుల్లపుల్లగానే ఉంది, ఉప్పు పట్టలేదు" అంటుంది, అది పులుపు సరిపోలేదని అర్థం.

తీగపాట:
చద్దిమూట గారూ, మీరు చెప్పింది ఇక్కడి భాషకి సరిగ్గా సరిపోతుంది! ఎందుకంటే హైహై అసలు చైనీస్ మాట కాదు, తైవానీస్ నుడికారం, వాళ్ళు తైగీ అంటారు ఆ భాషని. అందులో "జిన్‌సింగ్ హాయ్‌హాయ్" అని పలుకుతారు. ఆ భాషలో గుణం చెప్పే మాట రెండుసార్లు అంటే కొంచెం అనీ, మూడుసార్లు అంటే బాగా అనీ. ఆంగ్ ఆంగ్ అంటే ఎర్రగా కనపడేది, ఆంగ్ ఆంగ్ ఆంగ్ అంటే ఎర్రటి ఎరుపు. మా ఆఫీసులో పెద్దాయన ఒకాయన ప్రాజెక్టు పోయిన రోజు టీ కప్పు కింద పెట్టి "జిన్‌సింగ్ హాయ్‌హాయ్" అన్నాడు, మనం "పోన్లే, బతుకన్నాక ఎత్తుపల్లాలు" అన్నట్టు. ఓదార్పు ఉంది అందులో, భవసాగరం అన్నప్పుడు వచ్చే భయం లేదు. అందుకే "సంసార సాగరం" అని పెట్టలేకపోతున్నా, అది దాటాల్సినది, ఇది తేలాల్సినది.

తైగీ పాటలు మొదటి ఆల్బంలోనే ఉన్నాయి. "ఓపే కోంగ్" అని ఒకటి, మాటకి మాట చెప్తే "నలుపూ తెలుపూ మాట్లాడటం". అంటే మన అవాకులు చెవాకులు.

ఆలాపన:
ఇన్నిసార్లు హైహై అని రాశారు గానీ తైగీలో హాయ్ అంటున్నారు. అయితే రాయాల్సింది హైయా, హాయ్‌యా? నాకు హాయిహాయి అని వినిపిస్తోంది, ఓదార్పు అని మీరే అన్నారు కూడా.

రాగిరేకు:
ఐత్వం అంటేనే అ, ఇ కలిసిన పలుకు, హై చాలు. హాయ్ అని రాస్తే పలకరింపు అవుతుంది. తెలుగులో "హాయి" దేశ్యం, దానికీ సముద్రానికీ సంబంధం లేదు.

ఆలాపన:
సంబంధం ఉందని నేను అనలేదు. చెవికి అలా తగులుతోంది అన్నా. పాట పేరు చెవి కోసమే కదా.

గసడదవ:
తెలుగు పేరు నేను ఇస్తా. "బతుకు బట్టబయలు". బయలు బయలు అంటే బట్టబయలు, అదీ ద్విరుక్తటకారమే, బయలు అంటే అంతు లేని చోటు. నీళ్ళు లేవన్న మాటే గానీ విస్తారం అంతా ఉంది.

రాగిరేకు:
ఇప్పుడు బట్టబయలు అంటే రహస్యం బయటపడటం. జనానికి అదే అర్థం అవుతుంది. పోతన అయితే ఇలాంటి చోట ఏం చేసేవాడో చూడండి, "ఇంతింతై వటుడింతయై" అన్నాడు. ఇంత ఇంత అని రెట్టించిన చోట పెరుగుదల మొత్తం కనపడుతుంది, పిల్లవాడు మన కళ్ళ ముందే మబ్బుల దాకా పోతాడు. అదే పోతన "కలడు కలండనెడివాడు కలడో లేడో" అన్నప్పుడు రెట్టింపు అనుమానాన్ని మోసింది. మాట ఒకటే రెండుసార్లు, ఒకచోట విస్తారం, ఒకచోట దిగులు. గజేంద్రుడు కూడా నీళ్ళలోనే ఉన్నాడు ఆ మాట అన్నప్పుడు.

చద్దిమూట:
ఆ పద్యం మా నాన్నగారు రోజూ పొద్దున్నే చదివేవారు. "కలండు" దగ్గర ఆగి ఊపిరి తీసుకుని "అనెడివాడు" అనేవారు. ఆ ఆగడం ఇప్పటికీ చెవుల్లో ఉంది.

తీగపాట:
అసలు ఈ చరణమే ఎందుకు కావాలంటే, ఈ ఆల్బం తర్వాత బ్యాండ్ ఆగిపోయింది, తైవాన్‌లో మగవాళ్ళకి సైనిక సేవ తప్పనిసరి కదా. మళ్ళీ 2003లో "టైమ్ మెషిన్" ఆల్బంతో వచ్చారు. ఆ పేజీ రాస్తుంటే నట్టనడిమి అనే మాట దానంతట అదే వచ్చింది.

గసడదవ:
2016 వరకు మొత్తం ఎన్ని స్టూడియో ఆల్బంలు?

తీగపాట:
తొమ్మిది.

గసడదవ:
అయితే నట్టనడిమిది అయిదోది అవ్వాలి.

తీగపాట:
అది 2004ది, "దేవుడి పిల్లలంతా నాట్యమాడుతున్నారు" అని దాని పేరు. లెక్క ప్రకారం మీరే కరెక్టు. కానీ నాకు నడుమ అంటే ఆ ఆగిన చోటే. ఇప్పటికి "బతుకు కడలికడలి" అని రాసి పెట్టుకున్నా.

గసడదవ:
కట్టకడలి అని పెడితే?

రాగిరేకు:
కడ, ఎదురు, కొన, చివర, తుద, నడుమ, మొదలు ఉన్నాయి గానీ కడాదుల్లో, అంటే ద్విరుక్తటకారం వచ్చే మాటల పట్టికలో, కడలి లేదండి.

గసడదవ:
ఇత్యాదులు అని కూడా ఉంది కదా సార్.

ఆలాపన:
నేను రేపు క్లాసులో "నడిమి" హ్రస్వంగా పాడించి చూస్తా. ఒక అక్షర కాలం తగ్గుతుంది, ఆ ఖాళీ "పని"లో సర్దాలి. పిల్లలు పాడాక ఇక్కడే రాస్తా.