రూట్ కెనాల్ మధ్యలో కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి పది రోజులు ఆగడం అవసరమా?

సింధు_ఖమ్మం

మా నాన్నగారికి కింది దవడలో వెనక పన్నుకి రూట్ కెనాల్ మొదలుపెట్టారు. ఆయనకి షుగర్ ఉంది. ఆ పన్ను పక్కన చిగురు మీద చిన్న పొక్కు, నొక్కితే చీము వచ్చేది. డాక్టరుగారు లోపల శుభ్రం చేసి, కాల్షియం హైడ్రాక్సైడ్ అనే తెల్లటి పేస్ట్ పెట్టి, పైన టెంపరరీ ఫిల్లింగ్ వేసి పది రోజులాగి రమ్మన్నారు. మా తమ్ముడికేమో పోయిన ఏడాది హైదరాబాద్‌లో ఒకే సిట్టింగ్‌లో అంతా అయిపోయింది. నొప్పి భరించలేక పరిగెత్తాడు, గంటన్నరలో బయటికొచ్చాడు. ఈ మందు నిజంగా అవసరమా, పాతకాలపు అలవాటా? ఇంట్లో రోజూ ఇదే వాదన.

పల్నాటి_పళ్ల_డాక్టర్

మీ నాన్నగారి పన్నుకి అవసరమేనమ్మా. తమ్ముడి పన్నుతో పోల్చకండి. తమ్ముడి పన్నులో నరం బతికే ఉండి వాచి ఉంటుంది. అలాంటప్పుడు వేరు లోపల నరం ఉండే కాలువ లోతుల్లోకి ఇన్ఫెక్షన్ ఇంకా దిగదు, ఒకే పూటలో మూసేయొచ్చు. నేనూ అదే చేస్తాను. చిగురు మీద చీము పొక్కు వచ్చిందంటే మాత్రం నరం ఎప్పుడో చచ్చిపోయి, వేరు కొన దగ్గర ఎముక కరుగుతోందని అర్థం. సూక్ష్మజీవులు వేరు గోడల్లోని సన్నటి నాళికల్లోకి, రెండు కాలువల మధ్య ఇరుకు సందుల్లోకి దూరి కూర్చుంటాయి. అక్కడికి ఫైల్, అంటే కాలువని గీకి శుభ్రం చేసే సన్నటి సూది, వెళ్లదు.

ఈ పేస్ట్ పీహెచ్ 12.5 దాకా ఉంటుంది, అంటే బాగా ఘాటైన క్షారం. దానిలోంచి హైడ్రాక్సిల్ అయాన్లు విడుదలై సూక్ష్మజీవుల పొరనీ ప్రొటీన్లనీ దెబ్బతీస్తాయి. కానీ ఆ పని నిమిషాల్లో జరగదు. 1991లో స్వీడన్‌లో షోగ్రెన్ బృందం పది నిమిషాలు ఉంచి చూస్తే ఫలితం లేదు, ఏడు రోజులు ఉంచితే మిగిలిన సూక్ష్మజీవులు పోయాయి. వారం, పది రోజులు అనే లెక్క అక్కడి నుంచే వచ్చింది.

ఎండో_హైదరాబాద్

సార్, గౌరవంతోనే విభేదిస్తున్నాను. కాలువలోంచి నమూనా తీసి పరీక్షిస్తే సూక్ష్మజీవులు దొరికాయా లేదా అన్నది ఒక ప్రశ్న. ఎముక మానిందా లేదా అన్నది ఇంకో ప్రశ్న. రోగికి కావలసింది రెండోది. ఒకే సిట్టింగ్‌నీ ఎక్కువ సిట్టింగ్‌లనీ పోల్చిన ట్రయల్స్ అన్నిటినీ, వైద్య పరిశోధనలని కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్లు 2007లో, 2016లో, మళ్లీ 2022లో కలిపి చూశారు. ఎక్స్‌రేలో మానడంలో ఫలానాది మేలని ఒక్కసారీ తేలలేదు. ఇప్పుడు మిషన్‌తో తిరిగే రోటరీ ఫైళ్లు, కంపనాలతో శుభ్రం చేసే అల్ట్రాసోనిక్స్, మైక్రోస్కోప్ అన్నీ ఉన్నాయి. సూక్ష్మజీవుల్ని చంపే హైపోక్లోరైట్ ద్రావణంతో బాగా కడిగి, కాలువ పొడిగా ఉంటే అప్పుడే మూసేస్తాను.

ఇంకో మాట. పేషెంట్ రెండోసారి వస్తాడని ఏమిటి గ్యారంటీ? నొప్పి తగ్గగానే చాలామంది రారు. టెంపరరీ ఫిల్లింగ్ అరిగిపోయి లాలాజలం లోపలికి దిగుతుంది. నెలల తర్వాత వచ్చేసరికి పన్ను మొదటికంటే అధ్వాన్నంగా ఉంటుంది. అలాంటి పళ్లు పీకాల్సి వచ్చినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది.

పల్నాటి_పళ్ల_డాక్టర్

2022 రివ్యూ నేనూ చదివాను. మొదటి వారంలో నొప్పి ఒకే సిట్టింగ్ వాళ్లలోనే ఎక్కువని అందులోనే ఉంది, ఆ మాట మీరు వదిలేశారు. పైగా అందులో బతికున్న పళ్లు, చచ్చిన పళ్లు రెండూ ఉన్నాయి. చీముతో వచ్చిన షుగర్ పేషెంట్ గురించి ఆ సగటు నాకు పెద్దగా ఏమీ చెప్పదు.

నమూనాకీ మానడానికీ సంబంధం లేదన్నట్టు రాశారు. 1997లో అదే షోగ్రెన్ బృందం వేరు కొన దగ్గర ఇన్ఫెక్షన్ ఉన్న పళ్లను మధ్యలో మందేమీ పెట్టకుండా ఒకే సిట్టింగ్‌లో మూసి, ఐదేళ్ల దాకా గమనించింది. మూసేటప్పుడు నమూనాలో సూక్ష్మజీవులు లేని పళ్లలో 94 శాతం మానాయి, ఉన్నవాటిలో 68 శాతమే. కుర్చీలో పేషెంట్ ఉండగా తన పన్ను ఏ గుంపులో ఉందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

రాకుండా పోవడం నిజమే. మా వైపు మిర్చి కోతలు మొదలైతే మనిషి దొరకడు. అందుకే రెండో తేదీ కోతలు చూసుకుని వాళ్లచేతే చెప్పిస్తాను, ముందురోజు ఫోన్ చేయిస్తాను. టెంపరరీ ఫిల్లింగ్ కనీసం మూడున్నర మిల్లీమీటర్ల మందం ఉండేలా చూస్తాను. పల్చగా పూసి పంపిస్తే లోపల ఏ మందు పెట్టినా దండగే.

పీజీ_రెండో_ఏడు

ఇద్దరికీ నమస్కారం. ఈ మందుకి లొంగని సూక్ష్మజీవి ఒకటుంది, ఎంటరోకాకస్ ఫీకాలిస్. పాత రూట్ కెనాల్ ఫెయిలైన పళ్లలో తరచూ కనిపిస్తుంది. బయట క్షారం పెరిగినా తన లోపలికి ప్రోటాన్లను పంప్ చేసుకుని బతికేస్తుంది. పైగా డెంటిన్, అంటే పన్ను గోడలోని గట్టి పదార్థం, కూడా ఆ క్షారాన్ని కొంత తగ్గించేస్తుంది. కాబట్టి ఫెయిలైన రూట్ కెనాల్‌ని మళ్లీ చేసే కేసుల్లో ఈ ఒక్క మందు మీదే ఆధారపడలేం.

ఈ పేస్ట్ తీయడం కూడా తేలిక కాదు. మూసే ముందు ఈడీటీఏ అనే ద్రావణం, హైపోక్లోరైట్‌తో కడిగి, అల్ట్రాసోనిక్ పెట్టినా వేరు కొన వైపు మూడో వంతులో తెల్లగా కొంత మిగులుతుంది. అది మిగిలితే కాలువని మూసేటప్పుడు వాడే సీలర్ అనే జిగురు గోడకి సరిగా పట్టదు.

కోనసీమ_అబ్బాయి

డాక్టర్లూ, ఒక అనుమానం. ఇది తాంబూలంలో వేసుకునే సున్నమే కదా? మా అమ్మమ్మ పన్ను పిప్పిలో కాస్త పెట్టుకుంటానంటోంది.

పల్నాటి_పళ్ల_డాక్టర్

వద్దు బాబూ, దయచేసి ఆపండి. రసాయనం అదే కానీ మేం పెట్టేది శుభ్రం చేసిన కాలువ లోపల, పైన మూతతో. నోట్లో ఊరికే పెట్టుకుంటే చిగురూ బుగ్గా కాలి పుండ్లు పడతాయి, లోపలి ఇన్ఫెక్షన్ మాత్రం అలాగే ఉంటుంది. ఆవిణ్ణి ఈ వారంలోనే డాక్టరుకి చూపించండి.

ఎండో_హైదరాబాద్

ఈ విషయంలో ఇద్దరిదీ ఒకే మాట.

సింధుగారూ, మీ నాన్నగారిది కింది దవడ కాబట్టి ఒకటి చెప్పాలి. అక్కడ వేరు కొనలకి దగ్గరగా పెద్ద నరం వెళ్తుంది. పేస్ట్‌ని గట్టిగా నెట్టితే కొన దాటి నరం దగ్గరికి చేరిన కేసులు ఉన్నాయి. మత్తు దిగిపోయాక కూడా కింది పెదవి, గడ్డం మొద్దుబారి ఉంటే మర్నాటి దాకా ఆగకుండా డాక్టరుకి ఫోన్ చేయండి. ఇది అరుదు, టెన్షన్ పడొద్దు. పొక్కుతో వచ్చిన పన్నుకి మందు పెట్టారని మీ డాక్టరుని నేను తప్పుపట్టను. ప్రతి పన్నుకీ రెండు మూడు సిట్టింగ్‌లు తప్పవని చెప్పేవాళ్లతోనే నా పేచీ.

సింధు_ఖమ్మం

అందరికీ చాలా థాంక్స్. పెదవి బాగానే ఉంది. నిన్న రెండో సిట్టింగ్ అయింది. పొక్కు ఎండిపోయింది, కాలువలో తడి లేదన్నారు. పేస్ట్ తీయడానికే చాలాసేపు కడిగారు, పీజీగారు రాసింది గుర్తొచ్చింది. ఫిల్లింగ్ పూర్తయింది, క్యాప్‌కి కొలత వచ్చే వారం. ఇక మానిందని ఎప్పుడు తెలుస్తుంది?

పల్నాటి_పళ్ల_డాక్టర్

క్యాప్ మాత్రం ఆలస్యం చేయకండమ్మా, వెనక పన్ను నమిలేటప్పుడు చీలిపోతుంది. ఏడాదికి ఒక ఎక్స్‌రే తీయించండి. ఎముక కరిగిన చోట కనిపించే నల్లమచ్చ చిన్నదవుతూ ఉంటే చాలు, పూర్తిగా పోవడానికి నాలుగేళ్ల దాకా చూస్తాం. మొదటి రోజు తీసిన ఎక్స్‌రే దాచి ఉంచండి, పోల్చడానికి అదే కావాలి. షుగర్ కూడా అదుపులో ఉంచమనండి, మానడం దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.