'గేరు శబ్దం' అంటే సరిపోతుందా?

యంత్రాల మాన్యువల్ ఒకటి తెలుగు చేస్తున్నాను. మూలంలో గేర్ల చప్పుడుకు రెండు వేర్వేరు మాటలున్నాయి. పాత అనువాదంలో రెండింటికీ 'శబ్దం' అనే ఉంది. తప్పనలేం, కానీ దాన్ని చదివిన మెకానిక్ దేన్ని సరిచేయాలి? నా ఓటు ఒకదానికి 'కూత', రెండోదానికి 'లొడలొడ'.

కూతకు శ్రుతి ఉంటుంది. 20 పళ్ల చక్రం నిమిషానికి 1500 చుట్లు తిరిగితే సెకనుకు 500 సార్లు పన్నూ పన్నూ కలుస్తాయి, చెవికి 500 హెర్ట్జ్ దగ్గర కూత వినబడుతుంది. వేగం పెంచితే శ్రుతీ పెరుగుతుంది. బరువు పడ్డప్పుడు పన్ను కాస్త వంగుతుంది, దాంతో తర్వాతి పన్ను రావలసిన క్షణం కంటే ముందే వచ్చి తగులుతుంది. అందుకే పంటి కొనను మైక్రాన్ల లెక్కలో చెక్కుతారు. ఏటవాలు పళ్లయితే ఒక అంచు నుంచి మెల్లగా కలుస్తాయి కాబట్టి కూత బాగా తగ్గుతుంది.

లొడలొడకు శ్రుతి లేదు. వదులు చొక్కా లొడలొడలాడుతోంది అంటామే, అదే మాట, కారణం కూడా అదే. పళ్ల మధ్య సందు, మెకానిక్‌లు 'ప్లే' అనేది, ఎక్కువై, లోడు తక్కువగా ఉన్నప్పుడు పన్ను అటూ ఇటూ కొట్టుకుంటుంది. రోగం పేరులోనే కారణం చెప్పే మాట మనకుండగా 'శబ్దం' ఎందుకు? అలాగని సందు పూర్తిగా తీసేయకూడదు. వేడికి పళ్లు ఉబ్బితే బిగుసుకుపోతాయి, ఆయిల్‌కీ చోటుండదు.

ఒక సభ్యుడి ప్రశ్న: చిక్కటి ఆయిల్ పోస్తే రెండూ తగ్గవా అండీ? 'కంపనం' మాటేమిటి?

లొడలొడ కొంత తగ్గుతుందండీ. కూత మాత్రం పంటి ఆకారం నుంచి, షాఫ్ట్‌ల అమరిక నుంచి పుడుతుంది, ఆయిల్‌తో పెద్దగా లొంగదు.

'కంపనం' సమీకరణాల్లో ఉండనివ్వండి. గేరుబాక్స్ మీద చెయ్యి పెడితే తెలిసేది 'అదురు'. పంటి దగ్గర పుట్టిన అదురు షాఫ్ట్, బేరింగుల మీదుగా బాక్స్ గోడకు చేరుతుంది, ఆ గోడ డప్పు తోలులా గాలిని కదిపితే మనకు కూతగా వినబడుతుంది. వెడల్పాటి పలచని గోడకు లోపల పట్టీలు పోస్తే అదురు తగ్గేది అందుకే.

పంటి కొన చెక్కే పనికి ప్రస్తుతం 'కొనచెక్కు' అని రాసుకున్నాను. వర్క్‌షాపుల్లో ఇంతకంటే సహజమైన మాట వాడుతున్నవారుంటే దయచేసి చెప్పండి, అచ్చుకు వెళ్లేలోపు మారుస్తాను.