క్లిప్పుల చుట్టూ తెల్ల మచ్చలు పడ్డాయి, ఏం చేయాలి?

ప్రశ్న:
మా అమ్మాయికి 14 ఏళ్ళు. పళ్ళకు క్లిప్పులు వేయించి 5 నెలలైంది. నిన్న వెలుతురులో నోరు తెరిపించి చూస్తే పైవరస పళ్ళ మీద, బ్రాకెట్టుకీ (పంటికి అతికించిన చిన్న బిళ్ళ) చిగురుకీ నడుమ సుద్ద రాసినట్టు తెల్లగా ఉంది. రోజూ రెండుపూటలా తోముకుంటుంది, అయినా ఇలా అయింది. అతికించిన జిగురు ఎనామెల్‌ని, అంటే పంటి గట్టి తొడుగుని, తినేస్తోందా? క్లిప్పులు తీయించేయమంటారా?

జవాబు:
జిగురు వల్ల కాదండీ, పాచి వల్ల. పళ్ళ డాక్టరుగా ఇది తరచూ చూస్తుంటాను. పాచి అంటే ఇరుక్కున్న తిండి కాదు, పంటిని అంటిపెట్టుకుని బతికే సూక్ష్మజీవుల పొర. అందులో స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనేది చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. అదే చక్కెరతో జిగట పదార్థం తయారుచేసుకుని పంటిని వదలకుండా పట్టుకుంటుంది. లాక్టోబాసిల్లస్ అనే మరో రకం సూక్ష్మజీవులు దానికి తోడవుతాయి. మామూలుగా నాలుక, పెదవి, లాలాజలం పంటిని ఎప్పటికప్పుడు తుడుస్తుంటాయి. బ్రాకెట్టు పక్క మూలల్లోకి అవి చేరలేవు. దాంతో ఆమ్లాన్ని తట్టుకునే జీవులే అక్కడ బలుస్తాయి.

పీహెచ్ అనేది ఆమ్లానికి కొలత, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం. పంటి మీద పీహెచ్ సుమారు 5.5 కంటే దిగితే ఎనామెల్‌లోని కాల్షియం, ఫాస్ఫేటు కరగడం మొదలవుతుంది. తీపి నోట్లో పడిన కొద్ది నిమిషాల్లోనే అంత దిగుతుంది, కోలుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. తియ్యటి పానీయాన్ని గుక్క గుక్కగా సాగదీస్తే ఆ కోలుకునే వ్యవధే దొరకదు. తీపి ఎంత తిన్నదో కాదు, రోజుకు ఎన్నిసార్లు తింటోందో గమనించండి. పాచి అలాగే ఉండిపోతే 4 వారాల్లోనే మచ్చ పడగలదు.

ఎనామెల్ పైపొర నిలిచే ఉండి, కిందినుంచి ఖనిజాలు పోతాయి. ఆ ఖాళీల్లో వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. దూదితో పన్ను ఆరబెట్టి చూడండి. ఆరినప్పుడే కనిపిస్తే తొలిదశ. తడిగా ఉన్నా కనిపిస్తే కాస్త లోతుకు వెళ్ళిందని అర్థం. గుంట పడకముందే అయితే ఆపగలం. వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా క్లిప్పులు వేసిన ఆర్థోడాంటిస్టుకు చూపించండి. అవసరమైతే ఎనామెల్‌ని గట్టిపరిచే ఫ్లోరైడ్ పూత (వార్నిష్) పూస్తారు. క్లిప్పులు ఉంచాలా తీయాలా అన్నది కూడా వారే చూసి చెప్పాలి.

అడిగినవారు:
చాలా ధైర్యమొచ్చిందండీ. మౌత్‌వాష్ వాడితే సరిపోతుందా? తోమడంలో ఏం తప్పు చేస్తోంది?

జవాబు:
మౌత్‌వాష్ ఒక్కటే చాలదమ్మా, ఆ పొరను రుద్ది విడగొట్టాల్సిందే. చాలామంది పిల్లలు బ్రాకెట్టు ముఖం మీదే తోముతారు. బ్రష్షును చిగురు వైపు వంచి బ్రాకెట్టు పైభాగం, తర్వాత కిందిభాగం తోమమనండి. చివరగా సందుల బ్రష్షును తీగ కిందనుంచి దూర్చాలి. పేస్టులో ఫ్లోరైడ్ 1000 నుంచి 1500 పీపీఎం (పదిలక్షల భాగాల్లో అన్ని భాగాలు) ఉండాలి. తోమాక నురగ ఉమ్మేయాలి కానీ నీళ్ళతో బాగా పుక్కిలించకూడదు, పంటి మీద మిగిలిన ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది. ఫ్లోరైడ్ మౌత్‌వాష్ వాడితే తోమే వేళలో కాకుండా వేరే సమయంలో వాడాలి. క్లోర్‌హెక్సిడిన్ అనే సూక్ష్మజీవులను చంపే మందు ఉన్న మౌత్‌వాష్ మాత్రం డాక్టరు చెప్పకుండా వాడొద్దు, ఎక్కువ రోజులు వాడితే పళ్ళకు గోధుమరంగు మరకలు పడతాయి.

ఇంకొకరు:
నాకు క్లిప్పులు తీసి రెండు వారాలైంది. ముందు పళ్ళ మీద మచ్చలు. గట్టిగా ఫ్లోరైడ్ పూయించుకుంటే పోతాయా? తెల్లబరిచే పేస్టు కొననా?

జవాబు:
రెండూ ఇప్పుడే వద్దండీ. ముందు పళ్ళ మీద ఎక్కువ గాఢత ఫ్లోరైడ్ పూస్తే పైపొర ముందే గట్టిపడి, తెలుపు లోపలే ఉండిపోవచ్చు. మామూలు ఫ్లోరైడ్ పేస్టుతో తోముతూ కొన్ని నెలలు ఆగండి. పాచి లేకపోతే లాలాజలమే ఖనిజాలను కొంత తిరిగి చేరుస్తుంది. కొన్ని మచ్చలు పలచబడతాయి, కొన్ని అలాగే ఉంటాయి. మిగిలినవాటికి ఆ ఖాళీల్లో రెజిన్ (గట్టిపడే పారదర్శక ద్రవం) నింపే పద్ధతి, పైపొరను సన్నగా అరగదీసే పద్ధతి ఉన్నాయి.

అడిగినవారు:
పాచికి రంగు పట్టే మాత్ర తెచ్చి నమిలించాను. తెల్లగా ఉన్న చోటే, చిగురు అంచున ముదురు రంగు! తనే చూసి బ్రష్షు తీసుకుంది.

జవాబు:
చాలా సంతోషమమ్మా. వారానికోసారి ఆ మాత్ర వాడండి. ఇప్పుడే ఒక ఫొటో తీసి ఉంచి, నెల తర్వాత అదే వెలుతురులో, పళ్ళు ఆరబెట్టి మళ్ళీ తీయండి. మచ్చ పెద్దదైతే ఆ రెండు ఫొటోలూ డాక్టరుకు చూపించండి.