థండర్‌బర్డ్ మినిమైజ్ చేస్తే కొత్త మెయిల్ రావట్లేదు, తెరిస్తే విండో సరిగ్గా రావట్లేదు

నీలిసిరా:

విండోస్ 11 ల్యాప్‌టాప్. అప్పుడప్పుడు బయటి మానిటర్ తగిలిస్తుంటాను. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలో రెండు ఐమ్యాప్ అకౌంట్లు (మెయిళ్లు సర్వర్‌లోనే ఉండే రకం) ఉన్నాయి. మినిమైజ్ చేస్తే ట్రేలోకి (గడియారం పక్కన చిన్న ఐకాన్లుండే చోటు) వెళ్లిపోయేలా సెట్టింగ్ పెట్టుకున్నాను.

మినిమైజ్ చేసి ఉన్నంతసేపూ కొన్ని మెయిళ్లు రావు. ఫోన్‌లో కనబడతాయి, ఇక్కడ కనబడవు. విండో తెరిచి ఫోల్డర్ మీద నొక్కగానే అన్నీ ఒక్కసారి వచ్చి పడతాయి. రెండోది, ట్రే నుంచి తెరిస్తే ఒక్కోసారి విండో కాసేపు తెల్లగా ఉండిపోతుంది, ఒక్కోసారి అసలు కనబడదు. టాస్క్‌బార్‌లో మాత్రం తెరిచి ఉన్నట్టే చూపిస్తుంది. మూడోది, మినిమైజ్ చేసిన కాసేపటికి ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది.

ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, తేడా లేదు. పది నిమిషాలకోసారి చెక్ చేయమనే సెట్టింగ్ ఆన్‌లోనే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

కిటికీరెక్క:

మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా తేడా రాకపోవడం మామూలే. తీసేసినప్పుడు పోయేది ప్రోగ్రాం మాత్రమే. అకౌంట్లు, సెట్టింగ్స్, విండో కొలతలు, ఫోల్డర్ల ఇండెక్సులు అన్నీ ప్రొఫైల్ ఫోల్డర్‌లో అలాగే ఉంటాయి, కొత్త ప్రోగ్రాం వాటినే ఎత్తుకుంటుంది.

ఇక అసలు విషయం. ‘మినిమైజ్ చేసినప్పుడు’ అని మీరంటున్న దాంట్లో నాలుగు వేర్వేరు పరిస్థితులు కలిసిపోయి ఉన్నాయి. విండో టాస్క్‌బార్‌లోకి దిగడం ఒకటి. టాస్క్‌బార్‌లో కూడా లేకుండా ట్రేలోకి పోవడం ఇంకొకటి. ఎవరూ కీబోర్డు, మౌస్ ముట్టుకోవట్లేదని సిస్టమ్ గమనించడం మూడోది. ల్యాప్‌టాప్ నిద్రలోకి జారడం నాలుగోది. మామూలుగా ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి కాబట్టి నింద మినిమైజ్ బటన్ మీద పడుతుంది. ముందు వీటిని విడదీయండి:

- సెట్టింగ్స్‌లో జనరల్ కింద సిస్టమ్ ఇంటిగ్రేషన్ దగ్గర ‘మినిమైజ్ చేస్తే ట్రేలోకి పంపు’ అనే టిక్ తీసేసి, టాస్క్‌బార్‌లోకి మాత్రం మినిమైజ్ చేసి చూడండి.
- విండోను తెరిచే ఉంచి, దేన్నీ ముట్టుకోకుండా అంతే సేపు వదిలేయండి.
- మినిమైజ్ చేయకుండా, బ్రౌజర్‌ను ఫుల్ సైజ్ చేసి థండర్‌బర్డ్‌ను పూర్తిగా కప్పేయండి. తర్వాత బ్రౌజర్ తప్పించి చూడండి.
- పరీక్ష జరుగుతున్నంతసేపూ చార్జర్ పెట్టి, స్లీప్‌ను ‘నెవర్’ చేయండి.

ఒక్కో పరీక్షలో ఒక్క మార్పే. అన్నీ కలిపి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఫ్యాన్ సంగతి మాత్రం ఇప్పుడే చెప్పొచ్చు. మెసేజ్‌లను వెతకడానికి వీలుగా ఇండెక్స్ చేసే పనీ, ఆఫ్‌లైన్ కోసం మెసేజ్‌లు దింపుకునే పనీ మీరు కంప్యూటర్ ముట్టుకోనప్పుడే ఊపందుకునేలా రాసి ఉంటాయి. మీరు పనిలో ఉన్నప్పుడు అడ్డం రాకూడదని అలా పెట్టారు. రెండో పరీక్షలో కూడా ఫ్యాన్ తిరిగితే మినిమైజ్‌కీ దానికీ సంబంధం లేనట్టే. టూల్స్ మెనూలో యాక్టివిటీ మేనేజర్ తెరిస్తే ఆ సమయంలో ఏ ఫోల్డర్ ఇండెక్స్ అవుతోందో, దేన్ని దింపుతోందో కనబడుతుంది. మొదటిసారి పూర్తయ్యేదాకా వదిలేయండి, తర్వాత దానంతటదే తగ్గుతుంది. రోజుల తరబడి అదే ఫోల్డర్ దగ్గర తిరుగుతుంటే ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, రిపేర్ ఫోల్డర్. యాంటీవైరస్ ప్రొఫైల్ ఫోల్డర్‌ను ప్రతిసారీ స్కాన్ చేస్తున్నా ఇదే లక్షణం కనబడుతుంది: థండర్‌బర్డ్ మామూలుగా ఒక ఫోల్డర్ మెయిళ్లన్నీ ఒకే పెద్ద ఫైల్‌లో పెడుతుంది, ఒక్క మెయిల్ చేరినా ఆ ఫైల్ మొత్తం మళ్లీ స్కాన్‌కి వెళ్లొచ్చు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ తింటున్నది థండర్‌బర్డా, యాంటీవైరసా చూడండి.

తాళంచెవి_7:

ఇంకోటి చూడండి: వెనక దాక్కున్న డైలాగ్. సర్వర్ లాగిన్ గడువు తీరినా, సర్టిఫికెట్ మీద సందేహం వచ్చినా థండర్‌బర్డ్ చిన్న విండో వేసి జవాబు కోసం ఆగుతుంది. మినిమైజ్ అయి ఉంటే ఆ చిన్న విండో మీ కంట పడకపోవచ్చు. దానికి జవాబిచ్చేదాకా ఆ అకౌంట్ మెయిల్ ఆగిపోతుంది, రెండో అకౌంట్ మాత్రం సుబ్బరంగా నడుస్తుంటుంది. గుర్తు ఏమిటంటే, పెద్ద విండో మీద ఎక్కడ నొక్కినా టింగుమని చప్పుడు వస్తుంది తప్ప ఏమీ కదలదు. ఆల్ట్ + ట్యాబ్ కొడితే ఆ విండో బయటపడుతుంది.

స్టార్టప్ షార్ట్‌కట్‌లో ‘మినిమైజ్డ్’ అని పెట్టుకుని, పైగా ప్రైమరీ పాస్‌వర్డ్ (దాచిన పాస్‌వర్డ్‌లన్నిటికీ వేసే తాళం) కూడా వాడేవాళ్లకు ఇది రోజూ ఎదురవుతుంది. ఈ రెంటిలో ఏదో ఒకటి వదులుకోవడమే మేలు.

మెరుపుతీగ:

సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (బొమ్మ గీసే పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే ఏర్పాటు) ఆఫ్ చేసేయండి, తెల్ల విండో పోతుంది. విండోస్ 11 మినిమైజ్ అయిన ప్రోగ్రాంలను నెమ్మది చేస్తుంది కదా, మెయిల్ రాకపోవడానికి అదే కారణం.

కిటికీరెక్క:

మెరుపుతీగ గారూ, రెండోదానితో నేను ఏకీభవించను. విండో కనబడని ప్రోగ్రాంకి విండోస్ 11 సన్నని టైమర్లను హామీ ఇవ్వదన్నది నిజమే. కానీ అక్కడ పోయేది మిల్లీసెకన్ల లెక్క. మామూలు టైమర్ సుమారు 15.6 మిల్లీసెకన్లకోసారి కొట్టుకుంటుంది, పది నిమిషాలకోసారి జరిగే మెయిల్ చెక్‌కి దాని వల్ల వచ్చే తేడా ఏమీ లేదు. టాస్క్ మేనేజర్‌లో ఆకు గుర్తుతో వచ్చే ఎఫిషియెన్సీ మోడ్ కూడా ప్రోగ్రాంని నెమ్మది చేస్తుందే కానీ ఆపదు. నిద్రలోకి జారిన ల్యాప్‌టాప్ వేరే కథ. అప్పుడు ఆగేది అన్నీ.

మొదటి సలహా తప్పు కాదు గానీ చివర్లో చేయాల్సింది. యాక్సిలరేషన్ తీసేస్తే స్క్రోలింగ్‌తో సహా బొమ్మ గీసే పనంతా సీపీయూ మీద పడుతుంది, అసలు కారణం దాని కింద దాగిపోతుంది. ముందు ఆ కప్పేసే పరీక్ష ఫలితం రానివ్వండి.

నీలిసిరా:

పరీక్షలు చేశాను. తెరిచి ముట్టుకోకుండా వదిలేసినా ఫ్యాన్ తిరిగింది. యాక్టివిటీ మేనేజర్‌లో ఒక పాత ఆర్కైవ్ ఫోల్డర్ ఇండెక్స్ అవుతోంది, కాబట్టి అది తేలిపోయింది. దాక్కున్న డైలాగ్ ఏదీ లేదు.

ట్రే తీసేసినా, విండో తెరిచే ఉంచినా మెయిల్ సమస్య అలాగే ఉంది! ఇన్‌బాక్స్‌లోకి వచ్చేవి మాత్రం వెంటనే వస్తున్నాయి. రానివన్నీ సర్వర్‌లో పెట్టుకున్న రూల్స్ వల్ల వేరే ఫోల్డర్లలోకి వెళ్లేవే.

బ్రౌజర్‌తో కప్పి తీసినా విండో తెల్లగా వచ్చింది. విండో అసలు కనబడకపోవడం మాత్రం బయటి మానిటర్ పీకేసిన రోజుల్లోనే.

ఉత్తరాలబస్తా:

అయితే మెయిల్ సంగతి తేలినట్టే. ఐమ్యాప్ అకౌంట్‌లో థండర్‌బర్డ్ మామూలుగా కొత్త మెయిల్ కోసం చూసేది ఇన్‌బాక్స్‌నే. మీ రూల్ సర్వర్ దగ్గరే పనిచేసి మెయిల్‌ను వేరే ఫోల్డర్‌లో పడేస్తోంది, ఆ మెయిల్ ఇన్‌బాక్స్ గడప తొక్కదు. మీరు ఫోల్డర్ మీద నొక్కినప్పుడే థండర్‌బర్డ్ అందులోకి తొంగిచూస్తుంది. తెరవగానే అన్నీ ఒక్కసారి వచ్చి పడుతున్నట్టు అనిపించేది అందుకే.

మందు: ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, జనరల్ ట్యాబ్‌లో ‘ఈ అకౌంట్‌కి కొత్త మెసేజ్‌లు తెచ్చేటప్పుడు ఈ ఫోల్డర్‌ను ఎప్పుడూ చెక్ చేయి’ అనే అర్థంలో ఉన్న టిక్ పెట్టండి. ఏ ఫోల్డర్లలో కొత్త మెయిల్ ముఖ్యమో వాటికే పెట్టండి. అన్ని ఫోల్డర్లనూ ఒకేసారి చెక్ చేయించే సెట్టింగ్ కాన్ఫిగ్ ఎడిటర్‌లో (లోతైన సెట్టింగ్‌ల జాబితా) ఉంది. వందల ఫోల్డర్లున్న అకౌంట్‌లో దాని జోలికి పోకండి, ప్రతి పది నిమిషాలకూ సర్వర్‌ను ఫోల్డర్ల వారీగా ప్రశ్నలతో ముంచెత్తుతుంది.

టిక్ పెట్టాక కూడా ఆలస్యం అనిపిస్తే అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్ చూడండి. అక్కడ పది నిమిషాల చెక్ కిందనే ‘కొత్త మెసేజ్ రాగానే సర్వర్ వెంటనే చెప్పడానికి అనుమతించు’ అని ఉంటుంది. ఇది ఐమ్యాప్‌లో ఐడిల్ అనే ఏర్పాటు, 1997లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2177 అనే ఇంటర్నెట్ పత్రంలో నిర్వచించారు. కనెక్షన్ తెరిచి ఉంచితే సర్వరే పిలిచి చెబుతుంది. ఇక్కడ రెండు మెలికలున్నాయి.

ఒకటి, ఒక కనెక్షన్ ఒకసారికి ఒక ఫోల్డర్‌నే కనిపెట్టుకుని ఉండగలదు. అదే పేజీలో అడ్వాన్స్‌డ్ నొక్కితే ఎన్ని కనెక్షన్లు అట్టిపెట్టుకోవాలో చూపిస్తుంది, మామూలుగా 5. దాన్ని ఎడాపెడా పెంచకండి. సర్వర్లకు హద్దులుంటాయి (జీమెయిల్ ఒక అకౌంట్‌కి ఒకేసారి 15 దాకా ఒప్పుకుంటుంది), ఫోన్, ఇంకో కంప్యూటర్ కూడా అందులోంచే వాడుకుంటాయి. హద్దు దాటితే సర్వర్ కొత్త కనెక్షన్‌ను నిరాకరిస్తుంది, అప్పుడు లేని సమస్య కొత్తగా పుడుతుంది.

రెండు, కదలిక లేని కనెక్షన్‌ను సర్వర్ 30 నిమిషాల తర్వాత తెంచేయొచ్చు కాబట్టి 29 నిమిషాలకోసారైనా ఐడిల్‌ను మళ్లీ మొదలుపెట్టాలని ఆ పత్రమే సూచిస్తుంది. మధ్యలో ఉన్న రౌటర్ అంతకంటే చాలా ముందే కనెక్షన్‌ను మర్చిపోవచ్చు. అది ఎవరికీ చెప్పి చేయదు. థండర్‌బర్డ్ దృష్టిలో లైను బతికే ఉంటుంది, సర్వర్ పిలుపు మాత్రం చేరదు. అలాంటి నెట్‌వర్క్‌లో ఐడిల్ టిక్ తీసేసి, చెక్ వ్యవధిని 10 నుంచి 3 లేదా 5 నిమిషాలకు దించడం నమ్మకమైన దారి.

కిటికీరెక్క:

ఇక విండో. కప్పి తీసినా తెల్లగా వస్తోంది కాబట్టి ట్రేదీ తప్పు కాదు. కనబడని విండోను గీయడం దండగ అని థండర్‌బర్డ్ లోపలి ఇంజిన్ (ఫైర్‌ఫాక్స్‌ది కూడా అదే) గీయడం ఆపేస్తుంది. మినిమైజ్ అయినా, ఇంకో విండో పూర్తిగా కప్పినా దాని లెక్కలో ఒకటే. విండో మళ్లీ బయటపడిందన్న కబురు ఆలస్యమైనా, గ్రాఫిక్స్ డ్రైవర్ తడబడినా మీకు తెల్ల పలక మిగులుతుంది.

వరస ఇదీ: మొదట హెల్ప్ మెనూ నుంచి ట్రబుల్‌షూట్ మోడ్‌లో నడపండి. అందులో యాడ్-ఆన్‌లు (అదనంగా తగిలించుకున్న చిన్న ప్రోగ్రాంలు) ఆగిపోతాయి, అక్కడ బాగుంటే యాడ్-ఆన్‌లను ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. అయితే ఈ మోడ్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ కూడా ఆగిపోతుందని గుర్తుంచుకోండి. ‘బాగుపడింది, కాబట్టి యాడ్-ఆన్‌దే తప్పు’ అని తీర్పిచ్చేయకూడదు. తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తయారీదారు దగ్గర నుంచే అప్‌డేట్ చేయండి. అప్పటికీ ఉంటే సెట్టింగ్స్, జనరల్ అడుగున కాన్ఫిగ్ ఎడిటర్ తెరిచి ‘ఆక్లూజన్’ (occlusion, అంటే కప్పబడటం) అనే ఇంగ్లిష్ మాటతో వెతకండి. ‘విండో ఆక్లూజన్ ట్రాకింగ్’ అని ఉన్న వరుసలో ‘ఎనేబుల్డ్’తో ముగిసేదాన్ని ఫాల్స్ చేసి, ప్రోగ్రాంని పూర్తిగా మూసి తెరవండి. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ తీసేయడం దీని తర్వాతే.

మానిటర్ పీకినప్పుడు మాయమయ్యే విండో వేరే జబ్బు. విండో లేని తెర మీద తెరుచుకుంటోంది. టాస్క్‌బార్ ఐకాన్ నొక్కి, విండోస్ + షిఫ్ట్ + ఎడమ బాణం కొడితే చాలాసార్లు ఉన్న తెర మీదికి దూకుతుంది. దూకకపోతే ఆల్ట్ + స్పేస్, తర్వాత ఎం, ఒక బాణం కీ నొక్కి మౌస్ కదిపితే విండో కర్సర్‌కి అతుక్కుని వస్తుంది. ‘మూవ్’ మసకగా ఉంటే విండో ఫుల్ సైజ్‌లో ఉన్నట్టు, ముందు రిస్టోర్ ఎంచుకోండి. పవర్‌టాయ్స్ (విండోస్‌కి తగిలించుకునే అదనపు పనిముట్లు) లాంటివి ఆల్ట్ + స్పేస్‌ను తమకు రాసిపెట్టుకుంటాయి, అలాంటప్పుడు షిఫ్ట్ పట్టుకుని టాస్క్‌బార్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే అదే మెనూ వస్తుంది.

మళ్లీ మళ్లీ అవుతుంటే ప్రొఫైల్‌లో దాచిన కొలతలే తప్పు. హెల్ప్‌లో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, ప్రొఫైల్ ఫోల్డర్ పక్కన ఓపెన్ నొక్కండి. థండర్‌బర్డ్ మూసేయండి. టాస్క్ మేనేజర్‌లో కూడా లేదని చూసుకోండి, లేకపోతే మూసుకునేటప్పుడు పాత కొలతలనే మళ్లీ రాసేస్తుంది. అప్పుడు ఎక్స్, యు, ఎల్ అక్షరాలతో మొదలై ‘స్టోర్’తో ముగిసే జేసన్ ఫైల్ పేరు మార్చండి, తీసేయొద్దు. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే విండో స్థానం దగ్గర -32000 కనబడవచ్చు. మినిమైజ్ అయిన విండోను విండోస్ ఆ అంకె ఉన్న చోటికే పంపి దాస్తుంది, అదే స్థానం ఫైల్‌లోకి ఎక్కిందన్నమాట. మార్చాక కాలమ్‌ల వెడల్పు, పేన్‌ల అమరిక మళ్లీ సర్దుకోవాలి. మెయిళ్లకు, అకౌంట్లకు ఏమీ కాదు.

మెరుపుతీగ:

ఆక్లూజన్ సెట్టింగ్ తెలియదు, ఇది నాకూ పనికొస్తుంది. అవుట్‌లుక్ క్లాసిక్ వాడేవాళ్లకి ఇందులో ఏదైనా వర్తిస్తుందా?

తాళంచెవి_7:

ట్రే సంగతి: అవుట్‌లుక్‌లో ట్రే ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే ‘హైడ్ వెన్ మినిమైజ్డ్’ అని ఉంటుంది, టిక్ తీస్తే టాస్క్‌బార్‌లోనే ఉంటుంది. చెక్ వ్యవధికి కంట్రోల్ + ఆల్ట్ + ఎస్ కొడితే సెండ్ రిసీవ్ గ్రూపుల పెట్టె వస్తుంది. యాడ్-ఇన్‌ల అనుమానం ఉంటే కంట్రోల్ కీ పట్టుకుని అవుట్‌లుక్ తెరవండి, సేఫ్ మోడ్ కావాలా అని అడుగుతుంది. తెర బయట పడ్డ విండోకి పైన చెప్పిన కీలే.

లైనక్స్‌లో వేలాండ్ (విండోలను తెర మీద చూపించే ఏర్పాటు) వాడేవాళ్లు ఇక్కడికొస్తే ఒక్క మాట: అక్కడ ప్రోగ్రాం తన విండో ఎక్కడ ఉండాలో తాను నిర్ణయించుకోలేదు, మినిమైజ్ అయిన తనను తాను పైకి తెచ్చుకోనూ లేదు. కాబట్టి కొలతల ఫైల్ మార్చి లాభం లేదు, డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో చూడాలి.

నీలిసిరా:

ఫోల్డర్ టిక్ పెట్టాక విండో మినిమైజ్‌లో ఉండగానే మెయిళ్లు వస్తున్నాయి. కొలతల ఫైల్‌లో -32000 లేదు కానీ పీకేసిన మానిటర్ వైపు స్థానం ఉంది. పేరు మార్చాక విండో ల్యాప్‌టాప్ తెర మీదే తెరుచుకుంటోంది. డ్రైవర్ అప్‌డేట్‌తో తెల్ల విండో తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆక్లూజన్ ఇంకా మార్చలేదు. ఫోల్డర్ టిక్ ఇంకో కంప్యూటర్‌లోని థండర్‌బర్డ్‌కి కూడా వెళ్తుందా?

ఉత్తరాలబస్తా:

వెళ్లదు. అది ఆ కంప్యూటర్ ప్రొఫైల్‌కే పరిమితం, సర్వర్‌లో ఉండదు. రెండో కంప్యూటర్‌లో విడిగా పెట్టుకోవాలి. సర్వర్‌లో కొత్త రూల్ రాసి కొత్త ఫోల్డర్ చేసినప్పుడల్లా దానికీ రెండు చోట్లా పెట్టాలి.

కిటికీరెక్క:

ఆక్లూజన్ మార్చాక తెల్ల విండో పోతే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను ముట్టుకోకండి. బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, కప్పి ఉన్న విండోను కూడా గీస్తూ ఉంటుంది కాబట్టి. తర్వాత కొత్త డ్రైవర్ వచ్చినప్పుడు తిరిగి ట్రూ చేసి చూడండి.